తెర ఉద్యోగం చేస్తున్న మా తెల్ల దుప్పటికి

ప్రియమైన డబుల్‌కాట్ దుప్పటీ,

ఎలా ఉన్నావ్. నిన్న అమ్మ నిన్ను సర్ఫ్‌లో నానబెట్టి బండ మీద బాది బాది ఉతికింది కదా, ఒళ్ళంతా నొప్పులుగా ఉండుంటుంది. అయినా ఎడమవైపు కింద మూల పసుపు మరక పోలేదు, నాకు తెలుసు అది పోదని. అక్క పెళ్ళిలో అంటుకుంది, దాంతోనే నిన్ను మంచం మీంచి రిటైర్ చేశారు, నేను తీసుకెళ్ళి గోడకి ఉద్యోగంలో పెట్టా. జీతం లేదు, పీఎఫ్ లేదు, రెండు మేకులూ ఆరు బట్టల క్లిప్పులూ అంతే.

ఉద్యోగం ఏంటంటే ఆనంద్ పట్వర్ధన్ డాక్యుమెంటరీలకి తెరగా వేలాడటం. వేరేవాళ్ళవి కూడా వేశాం గానీ నువ్వు ఎక్కువ మోసింది ఆయన్నే. కాబట్టి ఎవరి బరువు మోస్తున్నావో నీకు చెప్పాలి కదా.

1950లో బొంబాయిలో పుట్టాడు, చదువుకోడానికి అమెరికా వెళ్ళాడు. మనవాళ్ళు అమెరికా వెళ్తే ఏం చేస్తారో నీకు చెప్పక్కర్లేదు, నీ తోబుట్టువులు ఎంతమంది సూట్‌కేసుల్లో డల్లాస్ వెళ్ళలేదు. ఈయన వియత్నాం యుద్ధం వద్దని ఊరేగింపుల్లో తిరిగి, సీజర్ చావెజ్ పెట్టిన వ్యవసాయ కూలీల యూనియన్‌లో వాలంటీరుగా పనిచేసి, చివరికి వెనక్కొచ్చి మధ్యప్రదేశ్ పల్లెల్లో పనిచేసే కిశోర్ భారతి అనే సంస్థలో చేరాడు. మా పెద్దమ్మ చెవిన పడుంటే వారం రోజులు అన్నం ముట్టేది కాదు.

తర్వాత 1974లో బీహార్, అవినీతి మీద జయప్రకాశ్ నారాయణ్ నడిపిన జేపీ ఉద్యమం. దాన్ని చిన్న సూపర్ 8 కెమెరాతో తీసి, ఆ బొమ్మని తెర మీద వేసి దాన్నే మళ్ళీ 16 ఎంఎం కెమెరాతో షూట్ చేశారు, అంటే ఆ సినిమా నీలాంటి ఓ తెర కడుపునే పుట్టిందన్నమాట, నీకూ ఆయనకీ చుట్టరికం అక్కణ్ణించే. ఎమర్జెన్సీ రాగానే ప్రింట్‌ని ముక్కలు చేసి దేశం దాటించి బయట మళ్ళీ అతికించారు. మనం ఆవకాయ దాటించడానికే కస్టమ్స్ వాళ్ళకి చెమటలు పోసుకుంటూ అబద్ధాలు చెప్తాం.

అసలు కామెడీ ఇక్కడ మొదలవుతుంది. ఆయన సినిమాలకి జాతీయ అవార్డులిచ్చేదీ ప్రభుత్వమే, దూరదర్శన్‌లో వెయ్యం పొమ్మనేదీ ప్రభుత్వమే. పిలిచి పీట వేసి విస్తరి లాగేసుకున్నట్టు. అయోధ్య మీద తీసిన 'రామ్ కే నామ్' 1992 నాటిది, కోర్టు చెప్తే గానీ టీవీలో రాలేదు, అది కూడా 1997లో. 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్'ని దూరదర్శన్‌లో వెయ్యాలన్న గొడవ సుప్రీంకోర్టు దాకా పోయి 2006లో తేలింది. పోఖ్రాన్ అణుపరీక్షల మీద సినిమా తీస్తే సెన్సార్‌వాళ్ళు 21 చోట్ల కత్తిరించమన్నారు, అందులో ఒకటేంటంటే రాజకీయ నాయకులు మాట్లాడినవన్నీ తీసెయ్యమని! నాయకుల మాటలు వింటే జనం చెడిపోతారని సెన్సార్‌కి కూడా అర్థమైందంటే, ఏమో, ఆ ఒక్క పాయింట్‌లో నేను కొంచెం మెత్తబడ్డాను. 2003లో బాంబే హైకోర్టు ఒక్క కట్ కూడా అక్కర్లేదంది. ఇలా ఆయన సగం జీవితం ఎడిటింగ్ టేబుల్ దగ్గరా సగం కోర్టు బెంచీ మీదా గడిచింది, ఏది మెయిన్ కెరీరో ఏది సైడ్ కెరీరో నువ్వే చెప్పాలి.

మన ఊళ్ళో సంగతీ తక్కువేం కాదు. 2019 ఆగస్టులో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అదే 'రామ్ కే నామ్' వేస్తుంటే పోలీసులొచ్చి ఆపి స్టూడెంట్స్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. సెన్సార్ 'యూ' సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా అది, అంటే పసిపిల్లలు చూడొచ్చు, పీహెచ్‌డీ వాళ్ళు చూడకూడదు.

సరే ఇప్పుడు మన తప్పులు. 'జై భీమ్ కామ్రేడ్' వేసిన రోజు గుర్తుందా. 1997లో ముంబై రమాబాయి కాలనీలో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయారు, అది చూసి కవి గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు, అక్కణ్ణించి పట్వర్ధన్ పద్నాలుగేళ్ళు తీశాడు ఆ సినిమా. మన వాట్సాప్ గ్రూపులో 63 మంది బొటనవేలు చూపించారు, వచ్చింది తొమ్మిది మంది, అందులో ఇద్దరు సమోసాలయ్యాక వెళ్ళిపోయారు. పైన ఫ్యాన్ ఆపితే ఉక్క, వేస్తే నువ్వు ఊగుతావ్, డప్పు కొట్టేవాళ్ళ చేతులు నీ ముడతల్లో విరిగి మళ్ళీ అతుక్కునేవి. ఓ ముసలావిడ మాట్లాడుతుంటే క్లిప్పు ఊడి నువ్వు సగం జారిపోయావ్, ఆవిడ మొహం సున్నం పెచ్చులూడిన గోడ మీద పడింది, చెప్పకూడదు గానీ అక్కడే బాగా కనపడింది. ఫీలవకు. ఇంక నీ మరక సంగతంటావా, బొంబాయి గుడిసెల మీదా అయోధ్య మీదా పోఖ్రాన్ మీదా అన్నిట్లో ఎడమవైపు కింద అస్తమించని పసుపు సూర్యుడిలా అదే. రెండోసారి వచ్చిన ఓ కుర్రాడు అది సింబాలిజమా అన్నా అని అడిగాడు, అవునని చెప్పేశా.

వచ్చే శనివారం మళ్ళీ పనుంది నీకు. 2023లో ఆయన తీసిన 'ద వరల్డ్ ఈజ్ ఫ్యామిలీ', ఈసారి కోర్టు లేదు ధర్నా లేదు, వాళ్ళ అమ్మానాన్నలే, వయసు మీద పడ్డాక ఇంట్లో తీసుకున్న బొమ్మలు. అమ్మని కూడా రమ్మన్నా. వాళ్ళమ్మ కుండలు చేసే కళాకారిణి అనీ, పెదనాన్నలు స్వాతంత్ర్య పోరాటంలో ఉన్నారనీ చాలా చెప్పా. అంతా విని వస్తానంది.

దుప్పటికి మళ్ళీ ఎక్కడ మేకులు కొడుతున్నానో చూడాలట.

ఇట్లు,
నీ క్లిప్పులవాడు