అండం నుంచి స్టెమ్ సెల్స్ వచ్చాయి, బిడ్డ రాదు

“ఫలదీకరణ జరగని అండంతోనే స్టెమ్ సెల్స్ తయారుచేశారు. ఇక తండ్రి లేకుండానే పిల్లలు పుడతారు. ఆ కణాలు ఎవరికైనా సరిపోతాయి. పార్కిన్సన్స్‌కు మందు దొరికేసింది.” ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. స్టెమ్ సెల్స్ అంటే శరీరంలోని రకరకాల కణాలుగా మారగల మూలకణాలు.

ముందు తండ్రి లేని బిడ్డ సంగతి. రసాయనాలతోనో, కరెంటుతోనో ప్రేరేపిస్తే వీర్యకణం లేకుండానే అండం విభజన మొదలుపెడుతుంది. కొన్ని రోజులకు ఏర్పడే కణాల ముద్ద నుంచి స్టెమ్ సెల్స్ తీస్తారు. కానీ క్షీరదాల్లో అది బిడ్డ అయ్యేదాకా ఎదగదు. కొన్ని జన్యువులు తల్లి ఇచ్చిన కాపీ నుంచే పనిచేస్తాయి, కొన్ని తండ్రి ఇచ్చిన కాపీ నుంచే. దీన్నే ఇంప్రింటింగ్ అంటారు. పిండం ఎదుగుదలకు కీలకమైన ఐజీఎఫ్2 జన్యువు తండ్రి కాపీ నుంచే పనిచేస్తుంది. రెండు కాపీలూ తల్లివే అయితే మావి కూడా సరిగా ఏర్పడదు. 1984లోనే ఎలుకల మీద ప్రయోగాల్లో ఇది తేలింది.

మరి 2004లో జపాన్‌లో పుట్టిన కగుయా అనే ఎలుక? దానికి ఇద్దరు తల్లులు, అందులో ఒకరి అండం జన్యుమార్పు చేసిన ఎలుకది. వందల అండాలతో ప్రయత్నిస్తే పెరిగి పెద్దయింది అదొక్కటే. 2022లో చైనాలో ఒకే అండం నుంచి ఎలుకను పుట్టించడానికి ఏడు చోట్ల ఇంప్రింటింగ్ గుర్తులను మార్చాల్సి వచ్చింది. మనుషుల్లో ఇలా ఎవరూ పుట్టలేదు.

“ఎవరికైనా సరిపోతాయి” అన్నదీ తప్పే. ఒక కణం మనదో పరాయిదో రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టేది హెచ్‌ఎల్‌ఏ గుర్తులతో. ఈ కణాల్లో కొన్నింటికి అవి రెండు రకాలకు బదులు ఒకే రకం ఉంటాయి. అందువల్ల ఒక్కో లైన్, అంటే ఒకే మూలం నుంచి పెంచిన కణాల సమూహం, ఎక్కువమందికి సరిపోవచ్చు, అందరికీ మాత్రం కాదు.

వణుకు, కదలికల ఇబ్బంది తెచ్చే నాడీ వ్యాధి పార్కిన్సన్స్ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు దీన్ని చదివి ఎంత ఆశపడతారో! ఈ కణాల నుంచి తయారుచేసిన నాడీ కణాలతో పరీక్షకు ఆస్ట్రేలియాలో 2015లో అనుమతి వచ్చింది నిజమే. అది కొద్దిమంది రోగులలో ముఖ్యంగా భద్రత చూసే తొలిదశ పరీక్ష. నయమైందని చెప్పడానికి అది చాలదు.

అసలు ఉపయోగం ల్యాబ్‌లో కనిపిస్తుంది. 2016లో మనిషి అండం నుంచి జన్యువులను మోసే క్రోమోజోముల సెట్ రెండుకు బదులు ఒక్కటే ఉన్న స్టెమ్ సెల్స్ తయారుచేశారు. మామూలు కణంలో ఒక జన్యువు చెడిపోతే రెండో కాపీ ఆ లోటును కప్పేస్తుంది. ఇక్కడ రెండోది ఉండదు కాబట్టి, ఏ జన్యువును ఆపితే ఏం జరుగుతుందో నేరుగా తెలుస్తుంది.