తడవకూడని వాన

నిన్న సాయంత్రం 900 రూపాయలు కట్టి వచ్చాను. మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ముందే చెబుతున్నాను, ఇందులో నా తప్పు సగమే.

మా ఇంటి దగ్గర పిల్లలకు పుస్తకాలు అద్దెకిచ్చే లైబ్రరీ ఒకటుంది. వానాకాలమని గుమ్మానికి రంగురంగుల గొడుగులు వేలాడదీసి, "వానలో ఆడుకుందాం రండి" అని రాసి, మా చిన్నదాని చేతిలో ఓ బొమ్మల పుస్తకం పెట్టారు. 32 పేజీలు. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న పాప, ఓ కప్ప, ఓ కాగితం పడవ. ఆ పుస్తకంలో ఎంత వాన కురిసినా ఎవరికీ జలుబు చేయదు, కరెంటు పోదు, గెడ్డ పొంగదు. ఆ బొమ్మలు వేసినవాళ్లు వైజాగ్‌లో ఒక్క అక్టోబరు కూడా గడిపి ఉండరని మా ఆవిడ నమ్మకం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా మేడ మీది నీళ్ల ట్యాంకు పక్కవీధిలో దొరికింది. అప్పటినుంచి టీవీలో 'అల్పపీడనం' అన్న మాట వినిపిస్తే చాలు, ఆవిడ కొవ్వొత్తులూ బంగాళాదుంపలూ కొనేస్తుంది. మా చిన్నది ఆ తర్వాత పుట్టింది. దానికి వానంటే కప్ప, పడవ.

సరే, అసలు సంగతి. గురువారం స్కూటర్ మీద వస్తుంటే ఇసుకతోట దగ్గర వాన పట్టుకుంది. పుస్తకంలో కప్ప ఓ పెద్ద ఆకును నెత్తిన పెట్టుకునే పేజీ ఒకటుంది. వెనక కూర్చున్న మా చిన్నది అదే పని చేసింది. ఆకు లేదు కాబట్టి పుస్తకం పెట్టుకుంది. నేను చూసుకున్నది ఇంటికొచ్చాకే.

ఆ నున్నటి కాగితంతో ఓ చిక్కుంది. నునుపు కోసం దాని మీద సన్నటి తెల్లమట్టి పూత వేస్తారు. తడిస్తే ఆ పూతే జిగురవుతుంది, అలాగే ఆరితే పుస్తకం ఇటుకవుతుంది. లైబ్రరీ సైన్సు చదివిన స్నేహితుడికి ఫోన్ చేశాను. "ఆరనివ్వకురా! కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయ్. గడ్డకడితే పేజీలు అతుక్కోవు. ఆదివారం తీరిగ్గా తీసి ఆరబెట్టుకో" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాను గానీ, నిజమైన పద్ధతేనట. వరదలో పుస్తకాలు తడిస్తే పెద్ద గ్రంథాలయాలవాళ్లు కూడా ఇలాగే చేస్తారట. అయితే ఆ గ్రంథాలయాల ఫ్రీజర్లలో వంజరం ముక్కలుండవు. ఆ మాట వాడు చెప్పలేదు.

మా ఫ్రీజర్‌లో ఉన్నాయి. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి నేనే తెచ్చాను. పుస్తకం చుట్టడానికి చేతికందిన కవరు కూడా ఆ జాతిదే, నల్లది. కడిగిందేలెండి.

శనివారం పొద్దున విజయనగరం నుంచి మా అత్తగారు వచ్చారు. అల్లుడికి పులుసు పెట్టాలని ఆవిడకు ముచ్చట. నేను స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చేసరికి వంటింట్లో పెద్ద స్టీలు బేసిన్, నిండా నీళ్లు. ఐసు విడవడానికి అందులో రెండు నల్ల కవర్లు మూతి విప్పి పడేసి, ఆవిడ చింతపండు పిసుకుతున్నారు. ఓ కవర్లోంచి పసుపు రంగేదో మెల్లగా పైకి వస్తోంది. నేను చూస్తుండగానే ఆవిడ చెయ్యి పెట్టి ఆ కవరు పైకెత్తారు. వేళ్లతో నొక్కి చూశారు. మొప్పలెక్కడున్నాయో వెతుకుతున్నారని నాకర్థమైంది.

"ఏటి బాబూ ఇది? ఏ చేప? పలకలాగుంది?"

"అది పుస్తకం అత్తయ్యా."

"ఫ్రిజ్జులో పుస్తకమేటి బాబూ?"

"తడిసిపోయిందని పెట్టాను."

ఆవిడ నన్నూ, బేసిన్‌నూ, మళ్లీ నన్నూ చూశారు. "తడిసిందని ఐసులో పెట్టారా?"

తెల్లమట్టి పూత సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఒంటి మీద తువ్వాలు ఒక్కటే ఉన్నప్పుడు మనిషి ఎంత శాస్త్రీయంగా మాట్లాడినా ఎదుటివాళ్లకు ఎక్కదని అప్పుడే తెలిసింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో పేజీలు ఎలా అతుక్కుంటాయో చూపించాలంటే మూడో చెయ్యి కావాలి. ఈలోగా మా చిన్నది పరుగెత్తుకొచ్చి బేసిన్ అంచు పట్టుకుని ఎగిరింది. "నాన్నా, కప్ప ఈదుతోంది!" ఆ పుస్తకం ఎవరికోసం రాశారో వాళ్లకు మాత్రం ఆనందం పూర్తిగా అందింది, కాదనను.

అత్తగారు ఇంకేమీ అడగలేదు. కాసేపాగి బాల్కనీలో నిలబడి మావయ్యగారితో ఫోన్లో గొంతు తగ్గించి, "అబ్బే, మనిషి మంచోరే..." అనడం మాత్రం వినిపించింది.

పులుసు బాగుంది.

లైబ్రరీలో గుమ్మం గొడుగుల కిందే కూర్చున్నావిడ పుస్తకం వెనక అట్ట లోపల అంటించిన చీటీ చూపించింది. ఏడో నిబంధన: తడి తగిలితే రెట్టింపు ధర. పుస్తకం వెల 450.

"ఇది మొదటి పేజీ నుంచీ తడవమనే చెబుతోంది కదండీ" అన్నాను.

"పిల్లల్ని సార్. పుస్తకాన్ని కాదు."

రెట్టింపు కట్టాక పుస్తకమైనా నాదవుతుందనుకున్నాను. కాదట. రికార్డు కోసం అక్కడే ఉంటుందట. ఏ రికార్డో, దాన్ని ఏ దేవుడు చదువుతాడో అడిగేలోపు ఆవిడ అట్ట తెరిచి, చటుక్కున ముక్కు దూరం జరుపుకుని, రిజిస్టర్లో రిమార్కుల గడిలో నింపాదిగా రాసింది: 'తడి. నీచు వాసన.'

"రెండిటికీ కలిపి ఒక సంతకం చాలు సార్."