ఫిల్మ్‌నగర్ ఆఫీసు సోఫా గారికి నమస్కరించి రాయునది

మహారాజరాజశ్రీ మెరూన్ రంగు రెక్సిన్ సోఫా గారి సముఖానికి,

మొన్న బుధవారం తమరి ఒడిలో ఎనిమిదిన్నర గంటలు గడిపిన రైటరు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నడుము తప్ప తక్కినవన్నీ క్షేమం.

"పదకొండింటికి రండి, సార్ ఫ్రీగా ఉంటారు" అన్నారు ప్రొడ్యూసర్ గారి మేనేజర్ గారు. పదిన్నరకే వచ్చాను. కొత్తవాడు ఆలస్యంగా వస్తే పొగరంటారు, పెద్దాయన అసలు రాకపోతే బిజీ అంటారు. పదకొండింటికి సార్ జిమ్‌లో ఉన్నారు. పన్నెండున్నరకి దార్లో ఉన్నారు. రెండింటికి లోపలే ఉన్నారు గానీ ఫైనాన్షియర్లతో ఉన్నారు. నాలుగింటికి కాస్త నడుం వాల్చారు. ఏడింటికి మీ ఎదురుగా గోడకున్న టీవీలో దర్శనమిచ్చారు.

శిల్పకళా వేదిక నుంచి లైవ్. ఎవరిదో ప్రీ రిలీజ్ ఈవెంట్. సార్ మైకు అందుకుని, "ఇండస్ట్రీకి కొత్త రైటర్లు కావాలి, మా ఆఫీసు తలుపులు వాళ్ల కోసం ఎప్పుడూ తెరిచే ఉంటాయి" అన్నారు. చప్పట్లు. అబద్ధమేం కాదు, తలుపులు తెరిచే ఉన్నాయి. ఆఫీస్ బాయ్ ఊడుస్తూ నన్ను కాళ్లు పైకెత్తమన్నాడు. నా మొహం చూసి, "లైవ్ కాదులే అన్నా, రికార్డింగ్ అయ్యుంటది" అని ఓదార్చాడు కూడా. ఆ భవనంలో ఆ రోజు నాకు దొరికిన మర్యాద అంతా ఆ కుర్రాడిదే.

వెనకవైపు ఇంకో లిఫ్టు ఉందట. నాకు తెలీదు. మీకు తెలుసు. చెప్పలేదు.

మీ వంశం గొప్పదే, కాదనను. మద్రాసు రోజుల్లో వేషాలకీ పాటలకీ పాండీబజారులో నిలబడి ఎదురుచూసేవాళ్లట. సినిమా మెల్లగా ఇటు తరలొచ్చి, 1976లో బంజారాహిల్స్ బండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియోస్ లేచి, 1996లో ఊరవతల రామోజీ ఫిల్మ్ సిటీ వెలిసి, ఫిల్మ్‌నగర్‌లో సందుకో బ్యానర్ బోర్డు పడ్డాక, నిలబడేవాళ్లకి కూర్చునే గౌరవం దక్కింది. యాభై ఏళ్లలో ఎదురుచూపుల శాఖలో జరిగిన అభివృద్ధి మొత్తం తమరే.

మీ పక్కన గోడ మీద తలనూనె మరకలు వరసగా ఉంటాయి. ఎడమచివర మరక ఒక కోడైరెక్టర్ గారిది. మద్రాసు నుంచి రీళ్లతోపాటు దిగిన మనిషి, చంకలో ఫైలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. మొదటిరోజే నాకు హితవు చెప్పాడు: "మధ్యలో కూచోకు బాబూ, స్ప్రింగులు పోయాయి, దిగబడతావు. అంచున కూచుంటే పిలవగానే లేవచ్చు." ఆయన అంచునే కూచుంటాడు. పిలవగా నేను చూళ్లేదు.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ల క్రితం మీ సార్‌కి ఒక లైన్ చెప్పాను. బోరుబండి డ్రైవర్ కథ. ఊరూరా తిరిగి బోర్లు వేస్తాడు, సొంతూళ్లో మాత్రం ఎక్కడ వేసినా నీళ్లు పడవు. ఐదు నిమిషాల్లో చెప్పాను. సార్ కళ్లు తుడుచుకున్నారు. "బాగుంది. చూద్దాం" అన్నారు. ఆ రాత్రి కృష్ణానగర్ రూములో నలుగురికీ బిర్యానీ నా డబ్బుతోనే.

తర్వాత అరగంట నెరేషన్. "బాగుంది, హీరోకి ఎలివేషన్ కావాలి." ఎక్కించాను. తర్వాత రెండున్నర గంటల ఫుల్ నెరేషన్, మధ్యలో సార్ ఫోన్లో రెండు పెళ్లిళ్లకి శుభాకాంక్షలు చెప్పారు. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ లాగ్. ఇంటర్వెల్ బ్యాంగ్ లేదు. బోర్లో నీళ్లకి బదులు బంగారం పడితే?" పడేశాను. అంతలో పాన్ ఇండియా గాలి వీచింది. "నార్త్ వాళ్లకి బోరుబండి కనెక్ట్ కాదేమో, కంటైనర్ చేద్దాం." చేశాను. ఊరు పోయి ముంబై పోర్టు వచ్చింది. ఆ తర్వాత ఓటీటీ వాళ్లు రేట్లు తగ్గించారని, "చిన్న బడ్జెట్‌లో చూద్దాం, పాత ఊరి వెర్షన్ బాగుండేది కదా" అన్నారు. కొత్త వెర్షన్ రాసినప్పుడల్లా రైటర్స్ అసోసియేషన్‌కి పోయి రిజిస్టర్ చేయించాను. ఒకే కథకి పదకొండు పుట్టినతేదీలు.

ఇన్నిసార్లలో ఒక్కసారైనా "వద్దు" అన్నారా? అనలేదు. ఈ ఊళ్లో సినిమావాళ్లెవరూ అనరు. బాగుందంటారు, చూద్దామంటారు, కలుద్దామంటారు, హీరోగారి డేట్లు రానీ అంటారు, ఆషాఢం పోనీ అంటారు. వద్దన్న కథ రేపు పక్క బ్యానర్‌లో ఆడితే తలెక్కడ పెట్టుకోవాలని భయం. అందుకే తీసుకోరు, వదలరు. ఆవకాయని జాడీలో పెట్టినట్టు రైటర్ని సోఫాలో పెట్టి నిల్వ చేస్తారు.

2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచమని సినీ కార్మికులు షూటింగులు ఆపేశారు. రెండు వారాలు దాటాక 22.5 శాతానికి, అదీ మూడేళ్లలో విడతలుగా, ఒప్పందం కుదిరింది. వాళ్లకి యూనియన్ కార్డుంది, కాల్షీటుంది, బత్తా ఉంది, ఆపితే ఆగిపోయే షూటింగుంది. మేం సమ్మె చేస్తే ఏం ఆగుతుంది? తమరు ఖాళీ అవుతారు. ఆఫీసుకి టీ ఖర్చు మిగులుతుంది.

మర్యాదకి మీరు మీరు అంటున్నాను గానీ, సోఫా, నువ్వు మాత్రం తక్కువదానివా? చెక్కబల్ల అయితే గంటకే లేచి పోయేవాణ్ణి. మెత్తగా ఉండి చంపుతావు. నాన్న ఫోన్ చేసి "ఏం చేస్తున్నావురా" అంటే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని ఎన్నిసార్లు చెప్పానో నీకే లెక్క తెలుసు. ఎవరితో మీటింగు? నీతో! చెల్లి పెళ్లి మాటలకి వెళ్లలేదు, ఆ రోజు ఇక్కడున్నా. ముప్పైఒకటి నుంచి ముప్పైఐదు దాకా ఇక్కడున్నా. "వద్దు" అనడానికి రెండక్షరాలు. ఇంగ్లీషులో కావాలంటే "నో", ఒక్కటే. ఆ ఒక్క అక్షరం మొదటిరోజే పడేసి ఉంటే ఏడ్చుకుంటూ పోయి ఇంకో కథ రాసుకునేవాణ్ణి కదా! టికెట్ రేట్లు పెంచమని ప్రభుత్వాన్ని నోరారా అడుగుతారు, ఇంత చిన్నమాటకి నోరు పెగలదా వీళ్లకి?

క్షమించండి. మళ్లీ మీరులోకి వస్తున్నాను.

ఒక సంగతి దాచకూడదు. ఆ కథలో నాకిష్టమైన సీను మీ మీద కూర్చునే తట్టింది. డ్రైవర్ తన ఇంటి పెరట్లో బోరు దింపుతుంటే, అర్ధరాత్రి డీజిల్ అయిపోయి రిగ్గు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో వాళ్లమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిస్తుంది. ఏ వెర్షన్‌లోనూ ఆ సీను తీసెయ్యలేదు, ముంబై పోర్టులో కూడా ఎలాగోలా ఇరికించాను. బయట వాన, లోపల ఏసీ, పక్కన కోడైరెక్టర్ గారి గురక. ఆ మధ్యాహ్నం తమరు నిజంగా బాగున్నారు.

ఇట్లు,
మధ్యసీటు వాడు

తా.క.: కోపంలో లేచి వచ్చేస్తూ నా హెల్మెట్ మీ కుడిచేతి పక్కన వదిలేశాను. పొద్దున మేనేజర్ గారికి ఫోన్ చేస్తే "మన హెల్మెట్టే కదా, చూద్దాం" అన్నారు. ఈలోగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర చలానాకి ఫోటో తీశారు. పదకొండేళ్లుగా సినిమా వాళ్ల మధ్య తిరుగుతున్నాను, నా మీదికి తిరిగిన మొదటి కెమెరా అదే. ఫ్రేమింగ్ బాగుంది.