ఫుల్ సైజ్ గారూ, ఇంతకీ మీరెంత పొడుగు?

మహారాజశ్రీ ఫుల్ సైజ్ గారికి,

టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి నమస్కరించి రాయునది.

పోయిన వేసవిలో మా అమ్మానాన్నల్ని డల్లాస్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడానికి అద్దె కారు బుక్ చేశాను. ఎకానమీ, కాంపాక్ట్, మిడ్ సైజ్ అన్నీ దాటుకుని, నాలుగు డాలర్లు ఎక్కువైతే అయిందని మీ పేరు మీద, అంటే పెద్ద కార్ల తరగతి మీద నొక్కాను. కౌంటర్లో తాళాలిచ్చారు. డిక్కీలో రెండు సూట్‌కేసులు పట్టాయి. మూడోది వెనక సీట్లో అమ్మకీ నాన్నకీ మధ్య కూర్చుంది. నాలుగోదాన్ని ముందు సీట్లో పెడితే కారు టింగుటింగుమని ఒకటే గోల. ఆవకాయ సూట్‌కేసుకి సీటు బెల్టు పెట్టాక గానీ ఊరుకోలేదు.

"ఇదేనా నువ్వు చెప్పిన పెద్ద కారు?" అన్నారు నాన్న.

ఆయన్నేం అనగలను? ఆ తరానికి పెద్ద కారంటే షెవ్రొలె ఇంపాలా. మా పెదనాన్నయితే ఆ మాటని కారు అనే అర్థంలో వాడేవారే కాదు. "వాడికేం, ఇంపాలా బతుకు" అనేవారు. ఆ బతుకు 1976 మోడల్లో పద్దెనిమిదిన్నర అడుగుల పొడుగుండేది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1975లో చట్టం వచ్చింది: 1978 నుంచి కంపెనీ అమ్మే కార్లన్నీ సగటున గ్యాలన్‌కు 18 మైళ్లు నడవాలి, 1985 కల్లా 27న్నర. దాంతో 1977 మోడల్‌కే మీకు దాదాపు 11 అంగుళాలు కోసేశారు, 600 పౌండ్ల పైనే బరువు దించారు. ఉన్నమాట చెప్పాలి, లోపల తల పైన జాగా పెరిగింది, డిక్కీ కూడా పెరిగింది. ఒళ్లు తగ్గించుకుని కడుపు పెంచడం మీకే చెల్లింది.

ఆ ఏడాది ఫోర్డ్ వారు తమ ఫుల్ సైజ్ కారు గురించి 'మా ఎల్‌టీడీ ఏమీ తగ్గలేదు' అని ప్రకటనలు గుప్పించారు. 1979లో దాన్నీ కత్తెర కిందికి తెచ్చారు. అసలు వింత వేరే ఉంది. అదే 1977లో ఎల్‌టీడీ టూ అని ఒక మిడ్ సైజ్ కారు తెచ్చారు. ఆ మిడ్ సైజ్, ఇంపాలాకి తోబుట్టువైన ఫుల్ సైజ్ షెవ్రొలె కాప్రిస్ కంటే పొడుగు! తమ్ముడి చొక్కా అన్నకి వదులైందన్నమాట.

ఇక మీ పేర్ల సంగతి. ప్లిమత్ వారు 1975లో పెద్ద కారుకున్న ఫ్యూరీ పేరు తీసి మిడ్ సైజ్ కారుకి తగిలించి, పెద్దదాన్ని గ్రాన్ ఫ్యూరీ అన్నారు. డాడ్జ్ వారు 1977లో మొనాకో పేరు చిన్నదానికిచ్చి, పెద్దదాన్ని రాయల్ మొనాకో చేశారు. 1983లో ఎల్‌టీడీ పేరూ చిన్నదానికే పోయింది, పెద్దది ఎల్‌టీడీ క్రౌన్ విక్టోరియా అయింది. భూములు పోయిన జమీందారు లెటర్‌హెడ్ మీద బిరుదులు పెంచుకున్నట్టు, మీరు చిక్కినకొద్దీ ఒకసారి గ్రాన్, ఒకసారి రాయల్, ఆఖరికి ఏకంగా కిరీటం! ఈ లెక్కన మా పేటలో అప్పుల అప్పారావు ఎప్పుడో చక్రవర్తి అయ్యుండాలి.

సర్కారు వారి కొలత ఇంకో ముచ్చట. వాళ్లు పొడుగు చూడరు. మనుషులు కూర్చునే చోటు, డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులు ఉంటే పెద్ద కారే. ఆ లెక్కలో 2008లో హోండా అకార్డ్ సెడాన్ కూడా పెద్ద కార్ల జాబితాలో చేరింది. మన తెలుగువాళ్లు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కునే అకార్డే నండీ! తెలియకుండానే మేమందరం ఇంపాలా బతుకు బతికేశాం.

ఇంపాలా 2020లో పోయింది. మీరూ పోయారనే అనుకున్నాను. తర్వాత గుడి పార్కింగులో ఒకటిన్నర జాగాలు ఆక్రమించుకుని నిలబడ్డ షెవ్రొలె వారి భారీ ఎస్‌యూవీ సబర్బన్‌ని చూశాను. అదీ మా పక్కూరు ఆర్లింగ్టన్‌లో తయారైందే. 1996లో కాప్రిస్ తయారీ ఆపేసి, ట్రక్కులకిచ్చిన ఫ్యాక్టరీ అది. 2021 మోడల్ కొలత చూస్తే ఆ 1976 ఇంపాలా కంటే మూడంగుళాలు దాకా ఎక్కువే ఉంది. సర్కారు లెక్కలో అది ట్రక్కే. కారు అంటే మైలేజీ లెక్క గట్టిగా అడిగేవారు, ట్రక్కు అంటే కాస్త చూసీచూడనట్టు పోయేవారు. అందుకని మీరు చిక్కనే లేదు, వేషం మార్చారు.

వచ్చే నెల అమ్మానాన్న మళ్లీ వస్తున్నారు. ఈసారి మాగాయ కూడా తెస్తున్నారట. కౌంటర్లో మిమ్మల్ని ఏ పేరుతో అడగాలో తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
సూట్‌కేసుకి బెల్టు పెట్టిన కస్టమరు