రెండో ఆల్బమ్ మీద ఇంకా ఆ గుర్రేనా?

తొలి సినిమా ఆడిన దర్శకుణ్ణి ఫిల్మ్‌నగర్‌లో ఎవరు కలిసినా ముందు భయపెట్టేది ద్వితీయ విఘ్నం గురించే. అమెరికన్ సంగీత జంట ఎంజీఎంటీకి 2010లో రెండో ఆల్బమ్‌తో తగిలింది అదేనని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను.

ఆండ్రూ వాన్‌విన్‌గార్డెన్, బెన్ గోల్డ్‌వాసర్ వెస్లియన్ యూనివర్సిటీలో కలిసి చదువుకున్నవాళ్లు. 2007లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని ‘కిడ్స్’, ‘ఎలక్ట్రిక్ ఫీల్’ పార్టీల్లో మోగిపోయాయి. 2010 ఏప్రిల్‌లో ‘కంగ్రాచులేషన్స్’ వచ్చేసరికి జనం అలాంటివే ఇంకో రెండు కావాలని కాచుకుని కూర్చున్నారు. వీళ్లేమో సింగిల్స్ (విడిగా వదిలే పాటలు) ఊసెత్తకండి, మొత్తం వినండి అన్నారు. మొదటి వారం అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్‌లో రెండో స్థానం. ఆ వెంటనే నిట్టూర్పులు. విమర్శకుల్లో సగంమంది తెగువ అన్నారు, సగంమంది పాత రికార్డులు పోగేసుకునేవాళ్ల ముచ్చట అన్నారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో పేరు మీద ఒక పాట, అక్కడి గాయకుడే అయిన డాన్ ట్రేసీ మీద ఇంకోటి! వాళ్లెవరో తెలియనివాడికి తలుపు మూసినట్టే ఉంటుంది. మాటల్లేని ‘లేడీ డాడాస్ నైట్‌మేర్’ నేనూ దాటేస్తాను.

కానీ అదే ఆల్బమ్‌లోని ‘సైబీరియన్ బ్రేక్స్’ సంగతి వేరు. పన్నెండు నిమిషాలు. ఈమధ్య హైదరాబాద్‌లో మా మేనల్లుడి కారులో పెట్టించాను, కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి, సాయంత్రం ట్రాఫిక్‌లో. నాలుగో నిమిషానికే వాడి వేలు స్క్రీన్ మీదికి పోయింది.

“మావయ్యా, పాట మారిందా?”

“లేదురా, అదే.”

“మరి హుక్ ఎప్పుడొస్తుంది?”

హుక్ అంటే వినగానే పట్టేసే ముక్క. తప్పు వాడిది కాదు. ఇప్పుడు తెలుగు సినిమా పాటలు విడుదలకు ముందే లిరికల్ వీడియోలుగా ఒక్కొక్కటే దిగుతాయి. ఏది హిట్టో సినిమా చూడకముందే తేలిపోతుంది. కోఠిలో క్యాసెట్లు కొనుక్కున్న మా కాలంలో నచ్చని పాటనీ భరించేవాళ్లం, టేప్ ముందుకి తిప్పడం పెద్ద తలనొప్పి కాబట్టి. అలా భరిస్తూ భరిస్తూ ఇష్టపడ్డవి ఎన్నో. (రసికత అనుకునేరు, బద్ధకం.)

ఈ జంట తమ మీద పడబోయే మాటల్ని ముందే ఊహించినట్టుంది. ఆల్బమ్ పేరున్న చివరి పాట ముగిసేది పొడిపొడి చప్పట్లతో. అంత వెటకారం తెలిసినవాళ్లు చేతకాక దారి తప్పారంటే ఎలా నమ్మడం?

2018లో వీళ్ల ‘లిటిల్ డార్క్ ఏజ్’ ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకి దాని పేరుపాట చిన్న వీడియోల్లో విపరీతంగా తిరిగి, కొత్త పిల్లల్ని వీళ్ల దగ్గరికి చేర్చింది. అలా వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లి ‘కంగ్రాచులేషన్స్’ వింటే గొడవేం లేదు. ఇంకో ‘కిడ్స్’ ఇస్తామని వాళ్లకి ఎవరూ ఆశపెట్టలేదు కదా!