రివర్స్‌లో సంసారం

టెంటు వేసుకుని తిరిగేవాళ్లకి కారవాన్ వాళ్లంటే, అంటే కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని లాక్కెళ్లేవాళ్లంటే, కాస్త చిన్నచూపు ఉంటుంది. ఇల్లు వదిలి వచ్చినవాళ్లు మళ్లీ ఇల్లే వెంట లాక్కురావడమేంటి, చెట్లూ చేమా చూడ్డానికొచ్చి కిటికీలకి కర్టెన్లేంటి అని. మేమూ ఆ మాటలన్నవాళ్లమే. రాత్రి గాలిపరుపు దిగిపోయి, నడుము కింద ఉన్న రాయి పుట్టుపూర్వోత్తరాలు మొత్తం తెలిసొచ్చినా, పొద్దున్నే లేచి "అబ్బ, ఏం నిద్ర పట్టిందీ!" అనుకునేవాళ్లం.

ఒక వయసు దాటాక టెంటుతో అసలు ఇబ్బంది వానా కాదు, పురుగూ పుట్రా కాదు. రాత్రి రెండింటికి బయటికి వెళ్లాల్సి రావడం. లోపలి జిప్పు తియ్యాలి, బయటి జిప్పు తియ్యాలి, టార్చి వెతకాలి, ఎవరివో తెలియని చెప్పుల్లో కాళ్లు దూర్చాలి. తిరిగొచ్చాక మళ్లీ రెండు జిప్పులు. ఆ చప్పుడుకి మా ఆవిడకి మెలకువ వస్తుంది. మెలకువ వచ్చాక తనకీ వెళ్లాలనిపిస్తుంది. మరో నాలుగు జిప్పులు. ఈలోగా మా అమ్మాయి లేస్తుంది.

అలాంటి ఒక రాత్రి మా ఆవిడ చీకట్లోంచి, "ఏమండీ, మనకీ ఒక గది, ఆ గదికో తలుపు, తలుపుకో గడియ ఉంటే ఎంత బావుంటుందో కదా" అంది. మేం కారవాన్ కొన్నది ఆ గడియ కోసమే. మిగతావన్నీ దాంతో పాటు వచ్చి మీద పడ్డాయి.

కొనడానికి మా బావమరిదిని తోడు తీసుకెళ్లాం. అతనికి తెలియని విషయం ఉండదు, సగానికి మించి తెలిసిన విషయమూ ఉండదు. చేతిలో చెమ్మ మీటరు పట్టుకుని మరీ వచ్చాడు. పాత కారవాన్ కొనేటప్పుడు ఇంజను చూసే శ్రమ లేదు, ఎందుకంటే ఉండదు. చూడాల్సింది చెమ్మ. చాలావాటికి బయట పల్చటి రేకు, లోపల చెక్క చట్రం. కిటికీ అంచునో, మూల పట్టీ దగ్గరో సీలు వదిలిందంటే నీళ్లు లోపలికి దిగి చెక్కని ఏళ్ల తరబడి తింటూ కూర్చుంటాయి. పైకి మాత్రం బండి పెళ్లికొడుకే. మీటరు 15 శాతం లోపు చూపిస్తే నిశ్చింత, 20 దాటితే గోడ విప్పాల్సిన పనుందని అర్థం.

మావాడు గోడ గోడకీ మీటరు ఆనించి చూస్తూ పోయాడు. పన్నెండు, పదమూడు, పన్నెండు. వెనక కిటికీ దగ్గరికి రాగానే ఒక్కసారిగా అరవై! అమ్మేవాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూశావా బావా!" అన్నాడు మావాడు, హత్యాయుధం దొరికిన పోలీసు ఆఫీసరు లెవెల్లో. మళ్లీ పెడితే పన్నెండు. మళ్లీ అరవై. తీరా నేను దగ్గరికెళ్లి చూస్తే, మీటరు సూదుల మీద అతని బొటనవేలుంది. ఆ వేలికి చెమట. నేను దగ్గి ఊరుకున్నాను. అమ్మేవాడు అప్పటికే ధర తగ్గించేశాడు.

ఇంటికి తెచ్చాక తెలిసింది, కారవాన్ అంటే సగం లెక్కల పరీక్ష అని. కారవాన్ బరువు దాన్ని లాగే కారు బరువులో 85 శాతం దాటకుండా ఉంటే కొత్తవాళ్లకి క్షేమమని ఒక లెక్క ఉంది. మా కారు 1500 కిలోలు, కాబట్టి 1275. కారవాన్ ఖాళీగా 1100, నింపితే 1250కి మించకూడదని దాని మీదే రాసుంది. అంటే మన సామానుకి మిగిలింది 150 కిలోలు. వినడానికి బోలెడనిపిస్తుంది. బ్యాటరీ, గ్యాస్ సిలిండరు, బండి పక్కన కట్టుకునే గుడ్డ గది, అదే ఆనింగ్, ఎక్కించేసరికి అందులో సగం హరించుకుపోయింది. మా ఆవిడ వంటింటి సామాను తెచ్చి పెట్టాక నేను లోపల పెట్టుకోగలిగింది ఒక టూత్‌బ్రష్షు.

ఇది కాక ముక్కు బరువని ఇంకోటి. కారవాన్ ముందు కొక్కెం కారు మీద ఎంత బరువు మోపుతోందో చూడాలి. అది మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం మధ్య ఉండాలి. మరీ తగ్గితే రోడ్డు మీద బండి తోక ఊపడం మొదలెడుతుంది, మరీ పెరిగితే కారు వెనక చతికిలబడుతుంది. మా కారు కొక్కెం 75 కిలోల దాకా మోస్తుంది. తూచడానికి పెద్ద పరికరమేం అక్కర్లేదు. ఒంటి బరువు చూసుకునే మెషిన్ తెచ్చి కొక్కెం కింద పెట్టి, మధ్యలో చెక్కముక్క నిలబెట్టి, ముందున్న చిన్న చక్రాన్ని పైకి తిప్పుకుంటూ పోతే సరి. 71 చూపించింది. మా ఆవిడ వంగి చూసి, లేచి, నన్ను కిందనుంచి పైదాకా చూసి, "మీకంటే కారవానే నయమండీ" అంది.

బయల్దేరాం. దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బరువైన సామాను ఇరుసు మీదకి వచ్చేలా కింద సర్దుకుని, నింపాదిగా పోతే బండి బుద్ధిగానే వెనకొస్తుంది. ఒకవేళ ఊగితే బ్రేకు మీద కాలెయ్యకుండా యాక్సిలరేటరు మెల్లగా వదలాలి. మాకు ఊగలేదు. ఊగింది వెనక సీట్లో కూర్చున్న మా బావమరిది, ప్రతి మలుపులోనూ, "బావా, బావా" అంటూ.

అసలు కథ కారవాన్లు నిలుపుకునే మైదానం చేరుకున్నాక మొదలైంది. మాకిచ్చిన స్థలం మూలన, రెండు చెట్ల మధ్య. రివర్స్‌లో పెట్టాలి.

టెంటు వేసేటప్పుడు మన తెలివితక్కువతనం ఇంట్లోవాళ్లకి మాత్రమే కనిపిస్తుంది. కారవాన్ రివర్స్ చెయ్యడం బహిరంగ సభ. మా కారు రివర్స్ లైటు వెలిగిందో లేదో, అప్పటిదాకా మనిషి జాడ లేని చోట ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మడత కుర్చీలు ఇటు తిరిగాయి. ఒకాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

రివర్స్‌లో కారవాన్‌ది అంతా ఎదురు వ్యవహారం. దాని వెనక భాగం ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. అది తిరగడం మొదలెట్టగానే స్టీరింగు ఎడమకి తెచ్చి, కారుతో దాని వెంట పడాలి. ఆ రెండో పని రెండు క్షణాలు ఆలస్యమైందా, కారూ కారవానూ మడతకత్తిలా మూసుకుంటాయి. చేతిని స్టీరింగుకి అడుగున పట్టుకుని, తోక ఎటు పోవాలో చేతిని అటే జరిపితే సులువని పుస్తకాల్లో రాస్తారు. పుస్తకాలు రాసేవాళ్ల భార్యలు వెనక నిలబడి చేతులూపరు కాబోలు.

"ఎడమకి, ఎడమకి!"

"ఎవరెడమ?"

"నా ఎడమండీ!"

"నువ్వు ఎటు తిరిగి నిలబడ్డావు?"

"మీకేసే తిరిగి నిలబడ్డాను, మీరే చూడట్లేదు!"

చూడకేం, అద్దంలో తన చెయ్యి ఒక్కటే కనిపిస్తోంది. మణికట్టు దాకా. అది కొంతసేపు రమ్మంటోంది, కొంతసేపు ఆగమంటోంది, మధ్యలో దోమని కొడుతోంది. దోమని కొట్టడాన్ని నేను ఆగమన్నట్టు తీసుకున్నాను. ఆగమన్నప్పుడు దోమ అనుకున్నాను. కారవాన్ వెళ్లి చెట్టుకి జానెడు దూరంలో ఆగింది. దాన్ని ఆపింది నేను కాదు, మావాడు. రెండు చేతులూ చాపి బండికీ చెట్టుకీ మధ్య నిలబడ్డాడు, పన్నెండు వందల కిలోల దాన్ని ఆపేవాడిలా. గట్టిగా బ్రేకేశాను. వీరుడే, కాదనను. కానీ ఆ తర్వాత సాయంత్రం దాకా చెప్పుకున్నాడు.

1885లో గోర్డన్ స్టేబుల్స్ అని నౌకాదళంలో వైద్యుడుగా చేసినాయన సరదాగా తిరగడానికే ఒక కారవాన్ కట్టించుకున్నాడు. ఈ ముచ్చటకి ఆద్యుల్లో ఒకడిగా ఆయన్నే చెబుతారు. రెండు గుర్రాలు లాగేవి. ఆయన సేవకుడు మూడు చక్రాల సైకిలెక్కి ముందుగా పోయి, ఎదురుగా ఏ బండ్లొస్తున్నాయో చూసి చెప్పేవాడట. ఆ ఏర్పాటులోని తెలివి నాకా రోజు బోధపడింది. సైగలు చేసే మనిషి జీతగాడైతే, రాత్రి అతనితో కలిసి భోంచెయ్యక్కర్లేదు.

ఇంతలో సలహాలు మొదలయ్యాయి. కళ్లజోడాయన కుడికన్నాడు. ఆయన పక్కాయన ఎడమకన్నాడు. ఇద్దరికీ పదేళ్ల స్నేహమట, మా బండి దగ్గర చెడింది. చివరికి ఒక పెద్దావిడ చేతిలో కప్పు గడ్డిలో పెట్టి లేచింది. "బాబూ, కారు విప్పేసి తోసెయ్యండి" అంది. అంతే. కొక్కెం ఊడదీశాం, తలా ఒక పట్టు పట్టాం, వేళ్లతో తోసినట్టు వెళ్లి చోట్లో కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ దండం పెట్టింది. తనే తెచ్చి పెట్టినట్టు.

చోట్లోకి చేరగానే పని అయిపోయిందనుకోకూడదు. మట్టం చూడాలి. ఇందులో ఫ్రిజ్‌కి కంప్రెసర్ ఉండదు. నీళ్లలో కలిసిన అమ్మోనియాని గ్యాస్ మంటతోనో కరెంటుతోనో వేడిచేస్తే, అది గొట్టాల్లో తిరిగి చల్లబరుస్తుంది. మంట పెడితే చల్లబడే పెట్టె అన్నమాట. మావాడు ఎంతకీ నమ్మలేదు. లోపల ద్రవం జారడానికి పంపు లేదు, భూమ్యాకర్షణే దిక్కు, కాబట్టి బండి ఒక పక్కకి వంగితే ఫ్రిజ్ సమ్మె చేస్తుంది. రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఓ మూలకి పోయి కూర్చుంది.

వంగిన వైపు చక్రం కింద వాలు పలక పెట్టి ఎక్కించాలి, ముందూ వెనకా చిన్న చక్రంతో సరిచెయ్యాలి, ఆ తర్వాతే నాలుగు మూలలా కాళ్లు దింపాలి. ఆ కాళ్లు బండి కదలకుండా ఆనుకోవడానికే, ఎత్తడానికి కాదు. మావాడికి ఈ తేడా చెప్పేలోపు హ్యాండిలు పట్టుకుని వెనక మూల కాలు తిప్పడం మొదలెట్టాడు. "చూడు బావా, బుడగ వస్తోంది!" బుడగ వచ్చింది. దాంతోపాటు బండి కిర్రుమని మెలితిరిగింది. తలుపు చట్రం బిగిసింది. లోపల మా ఆవిడ.

ఆవిడ ఎంతో ముచ్చటపడి గడియ వేసి చూసుకుంటోంది. గడియ తీసింది. తలుపు రాలేదు.

"ఒరేయ్!" అని వినిపించింది లోపల్నుంచి. మా ఇంట్లో ఆ పిలుపు ఒక్కడికే.

"ఒక్క నిమిషం అక్కా, మట్టం సరిపోయింది" అన్నాడు వాడు.

"తలుపు రావట్లేదురా!"

"తలుపు సంగతి తర్వాత. ఫ్రిజ్ చల్లబడుతుంది, చూడు."

కాలు వెనక్కి తిప్పమని నేను అరిచేసరికి హ్యాండిలు గడ్డిలో ఎక్కడో పడింది. అది దొరికేదాకా మా ఆవిడ కిటికీలోంచి భుజాల దాకా బయటికొచ్చి, వచ్చేపోయేవాళ్లందరితో కుశలప్రశ్నలు వేసింది. మేము ఫలానా అని అందరికీ తెలిసింది ఆ అరగంటలోనే. మా ఇద్దరితో మాత్రం ఒక్క మాట లేదు. అది మంచి లక్షణం కాదు.

రాత్రి చలేసింది. స్తంభం నుంచి వచ్చే కరెంటు 10 ఆంపియర్లు, అంటే 230 వోల్టుల మీద 2300 వాట్లు. హీటరు 1500 తింటోంది. మా అమ్మాయి నీళ్లు కాచుకుందామని 2000 వాట్ల కెటిల్ స్విచ్చి వేసింది. బండి మొత్తం గుడ్డిదైంది. బ్రేకరు ఉన్నది బయట స్తంభం మీద, బయట వాన. టెంటులో కరెంటు పోవడమనే కష్టం లేదు, ఎందుకంటే అక్కడ ఉండేదే కాదు. నేను తడుచుకుంటూ పోయి బ్రేకరు ఎత్తి వచ్చాను. కెటిల్ ఇంకా ఆన్‌లోనే ఉంది. మళ్లీ పోయాను.

ఇక పక్కలు. పగటి బల్లని కిందికి దించితే అదే రాత్రి మంచం. దాని మీద దిండ్లు పేర్చాలి. దిండ్లన్నీ ఒక్కలా కనిపిస్తాయి, ఒక్కటీ ఒక్క కొలత కాదు. ఎలా పేర్చినా చివరికి ఒక దిండు మిగులుతుంది, ఒక ఖాళీ మిగులుతుంది, ఆ దిండు ఆ ఖాళీలో పట్టదు. నలుగురు పడుకునే బండి అని చెప్పి అమ్మారు. ఆ నలుగురూ ఊపిరి వంతులవారీగా తీసుకోవాలని చెప్పలేదు. మావాడి గురక ఒక గోడకి తగిలి ఇంకో గోడ నుంచి వస్తోంది. అందుకని మర్నాడే ఆనింగ్ కట్టాం. కారవాన్ పక్కన ఉన్న గాడిలోకి గుడ్డ అంచు దూర్చి, ఒకరు లాగుతూ, ఒకరు అందిస్తూ, ఒకరు "ఆగండాగండి" అంటూ కట్టాలి. గొట్టాలు, తాళ్లు, మేకులు, జిప్పులు. మా పాత టెంటుకి రెండింతలుంది. మావాణ్ణి అందులో పడుకోబెట్టాం. రాత్రి రెండింటికి జిప్పు చప్పుడు వినిపించింది.

ఇక టాయిలెట్. సొంతది ఉండటం గొప్ప సుఖమే, కాదనను. కింద ఒక పెట్టె ఉంటుంది, నిండితే ఎర్ర లైటు వెలుగుతుంది. దాన్ని బయటికి లాగి, సూట్‌కేసులా ఈడ్చుకుంటూ, అందరి ముందు నుంచీ నడిచి, ఆ పనికి కేటాయించిన చోట ఒంపి, కడిగి, నీలం మందు పోసి తేవాలి. ఒంపేటప్పుడు గాలి పోయే బొత్తాం నొక్కి పట్టుకోవాలి. నొక్కకపోతే గుడగుడమని ఎగిరి చొక్కా మీద పడుతుంది. ఇది మావాడు మొదటిసారే కనిపెట్టి వచ్చి చెప్పాడు. దూరం నుంచే చెప్పమన్నాం.

ఎవరు తీసుకెళ్లాలనేది చీటీలతో తేల్చుకోవాలని మొదట్లోనే అనుకున్నాం. చీటీలు మా అమ్మాయి రాసేది. ఏ రోజు తీసినా మావాడి పేరే. "విధి బామ్మర్దీ, మనం ఏం చేస్తాం" అనేవాణ్ణి నేను. ఒకరోజు అతను మా అమ్మాయి చేతిలోంచి కాగితం, పెన్ను లాక్కుని, "ఇవాళ చీటీలు నేను రాస్తాను" అన్నాడు. రాశాడు. మడిచాడు. టోపీలో వేసి బాగా కలిపాడు కూడా. మా ఆవిడ తీసింది. నా పేరు.

మిగతా మూడు చీటీలూ విప్పి చూపించమని అడుగుదామని నోటిదాకా వచ్చింది. మా అమ్మాయి నాకేసి చూసి వద్దన్నట్టు తలూపింది. చొక్కా మార్చుకుని పెట్టె లాగాను.