నెట్ సెంటర్ చేతిలో పిల్లల మెయిల్ ఐడీ

ఇంటర్ ఫలితాలొచ్చాక విశాఖ ద్వారకానగర్‌లో ఏ నెట్ సెంటర్‌కి వెళ్లినా ఒకటే వరస. కుర్రాడి చేతిలో ఖరీదైన ఫోను ఉంటుంది, దరఖాస్తు నింపేది మాత్రం ఆపరేటరే. మెయిల్ ఐడీ తెరిచేదీ, పాస్‌వర్డు పెట్టేదీ ఆయనే. రద్దీలో ఒక్కోసారి తన నంబరే కొట్టేస్తాడు. తీరా కౌన్సెలింగ్ నాడు ఓటీపీ షాపుకి పోతుంది. ఆ రోజు షాపు కట్టేసి ఉంటే ఇక కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు అంతే సంగతులు.

విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. అప్పట్నుంచీ ఊళ్లో ఎవర్ని కదిపినా ఏఐ మాటే. కానివ్వండి. దరఖాస్తులో పెట్టే సంతకం ఫొటోను 50 కేబీలోకి కుదించడం ముందు రావాలి కదా!

ఫోనుతో తీసిన ఫొటో 3, 4 ఎంబీ ఉంటుంది. అంటే అది అరవై నుంచి ఎనభై రెట్లు తగ్గాలి. పిల్లలు దాన్ని అలాగే రీసైజ్ చేసి, తర్వాత సంతకం వరకు కత్తిరిస్తారు. ఉన్న కాసిని పిక్సెళ్లూ ఖాళీ కాగితానికే పోయి సంతకం చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. ముందు క్రాప్ చేయాలి, ఆ తర్వాతే రీసైజ్ చేసి జేపీజీగా సేవ్ చేయాలి. రెండు నిమిషాల పని, వరస తప్పితే దరఖాస్తు తిరస్కరించే ప్రమాదం ఉంది.

ఎక్సెల్‌దీ ఇదే కథ. బ్యాంకు ఖాతా నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా మాయమవుతుంది. 12 అంకెల ఆధార్ కొడితే మధ్యలో ఇంగ్లిషు ఇ అక్షరంతో వింత సంఖ్య కనిపిస్తుంది. గడి వెడల్పు చేసి, ఫార్మాట్ మారిస్తే అంకెలన్నీ తిరిగొస్తాయి. అసలు ప్రమాదం 16 అంకెల ఖాతాతో. ఎక్సెల్ 15 అంకెలే గుర్తుపెట్టుకుని చివరిదాన్ని సున్నా చేసేస్తుంది. తర్వాత ఫార్మాట్ ఎంత మార్చినా అది తిరిగి రాదు. అందుకే నంబరు కొట్టకముందే ఆ నిలువు వరసను టెక్స్ట్‌గా మార్చాలి.

జేఈఈ మెయిన్ రాసేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. జవాబు ఎంచుకుని, సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా పక్కనున్న ప్రశ్న సంఖ్య మీద నొక్కి వెళ్లిపోతే ఆ జవాబు నమోదు కాదు. వచ్చిన లెక్కకు మార్కులు పోతాయి.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. వాటిలో పాఠాలు చూడటం వచ్చింది సరే, దించుకున్న ఫైలు ఏ ఫోల్డర్‌లో పడిందో వెతకడం దానితోనే రాదు. బడిలో కంప్యూటర్ పరీక్ష ఇప్పటికీ సీపీయూ అంటే ఏమిటి, ర్యామ్ అంటే ఏమిటి అనే దగ్గరే ఉంది. ఆ ప్రశ్నలు తీసేసి ప్రతి పిల్లాడి చేతా సొంత నంబరుతో మెయిల్ తెరిపించండి. పాస్‌వర్డు మరిచిపోయినట్టు నటించి మళ్లీ తెరవమనండి. లేచేముందు బ్రౌజర్ పాస్‌వర్డు దాచనా అని అడిగితే వద్దని చెప్పి, లాగౌట్ చేశాడో లేదో చూసి మార్కులేయండి.